ఆసుపత్రి బిల్లు, ఇన్సూరెన్సు ప్రీమియం ఏటేటా ఎందుకు పెరుగుతున్నాయి?

"సిస్టరమ్మా, నాలుగు రోజులకే ఇంత బిల్లా?" డిశ్చార్జి రోజున మా వార్డుల్లో తరచుగా వినిపించే మాట ఇది. ఈ మధ్య దీనికి తోడు మరో మాట కూడా వింటున్నాము. "ప్రీమియం మళ్లీ పెంచారమ్మా, ఈ ఏడు కట్టలేం, మానేద్దామనుకుంటున్నాం." మొదటి మాటలోని కోపం మాకు అర్థమవుతుంది. రెండవ మాట వింటే మాత్రం భయం వేస్తుంది. ప్రీమియం మానేసిన కుటుంబం మరుసటి ఏడాది ఏ స్థితిలో మా దగ్గరకు వస్తుందో మేము చూస్తున్నాము.

ఈ రెండు పెరుగుదలలూ వేర్వేరు కావు. ఆసుపత్రి ఖర్చు పెరిగినప్పుడు ప్రీమియమూ పెరుగుతుంది. కొన్నిసార్లు అంతకంటే వేగంగా పెరుగుతుంది. కారణాలు తెలిస్తే, ఈ పెరుగుదలలో మన చేతిలో లేనిది ఎంత, ఉన్నది ఎంత అనేది తేటపడుతుంది. అందుకే మా నర్సింగ్ విభాగం తరఫున ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

బెడ్డు ఛార్జీ అంటే మంచం అద్దె కాదు

చాలామంది బెడ్డు ఛార్జీని లాడ్జి గది అద్దెతో పోల్చుకుంటారు. మంచం, పరుపు, ఫ్యాను, వీటికింత డబ్బా అంటారు. నిజానికి అందులో పెద్ద భాగం మనుషుల కష్టానిది. అర్ధరాత్రి సెలైన్ అయిపోతున్నదేమో చూసేవారు, కదలలేని రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పేవారు, వార్డు తుడిచేవారు, దుప్పట్లు ఉతికేవారు, కరెంటు పోతే జనరేటర్ వేసేవారు, వీరందరి జీతాలు అందులో ఉంటాయి.

ఒక లెక్క చూడండి. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ప్రతి షిఫ్టులో ఒక నర్సు విడిగా ఉండాలన్నది నర్సింగ్ ప్రమాణం. రోజుకు మూడు షిఫ్టులు, అంటే ఏడాదికి 1,095 డ్యూటీలు. వారపు సెలవులు, పండుగలు, ఇతర సెలవులు పోగా ఒక నర్సు ఏడాదికి దాదాపు 270 డ్యూటీలు చేయగలదు. కాబట్టి ఒక్క వెంటిలేటర్ మంచానికి నలుగురు నర్సులు కావాలి. ఐసీయూ ఖర్చు అంత ఎక్కువగా ఉండడానికి యంత్రం ఒక్కటే కారణం కాదు.

సెల్‌ఫోను ధర ఏటేటా తగ్గుతుంటే వైద్యం ధర ఎందుకు తగ్గదని అడుగుతారు. ఫ్యాక్టరీలో కొత్త యంత్రం వస్తే వంద ఫోన్లు తయారయ్యే చోట వెయ్యి తయారవుతాయి. నర్సు మాత్రం ఒకేసారి ఇద్దరు రోగుల పుండ్లకు కట్టు కట్టలేదు. మనిషి చేయవలసిన పని మనిషే చేయాలి. ఊళ్లో మిగతా జీతాలు పెరిగేకొద్దీ ఆ మనిషి జీతమూ పెరగాలి. సుప్రీంకోర్టు ఆదేశంపై 2016లో ఏర్పాటైన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని సిఫారసు చేసింది. అది అన్నిచోట్లా అమలు కాలేదు. జీతం చాలక, శిక్షణ పొందిన పిల్లలు గల్ఫ్ దేశాలకు, బ్రిటన్‌కు, జర్మనీకి వెళ్తున్నారు. అనుభవమున్న నర్సు ఇక్కడే నిలవాలంటే ఆ జీతం ఎక్కడో ఒకచోట నుండి రావాలి గదా.

గాజు సిరంజి పోయి డిస్పోజబుల్ వచ్చింది

మేము శిక్షణ పొందిన రోజుల్లో గాజు సిరంజీలను మరగబెట్టి మళ్లీ వాడేవాళ్లం. గ్లవ్స్ ఉతికి, ఆరబెట్టి, పౌడరు వేసి, ఆటోక్లేవ్‌లో పెట్టి తిరిగి తొడుక్కునేవాళ్లం. హెచ్ఐవి, హెపటైటిస్ బి వంటి జబ్బులు ఒకరి నుండి ఒకరికి సోకకుండా ఉండాలంటే ఇప్పుడు ప్రతి రోగికి కొత్త సిరంజి, కొత్త సూది, కొత్త గ్లవ్స్ వాడవలసిందే. వాడినవాటిని చెత్తకుండీలో పారేయడానికి వీల్లేదు. 1998లో వచ్చి 2016లో మారిన వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల వారీగా వేరుచేసి, శుద్ధి కేంద్రానికి డబ్బు కట్టి పంపించాలి. ఇదంతా బిల్లులోకే చేరుతుంది. ఈ ఖర్చు తగ్గించమని మాత్రం దయచేసి అడగవద్దు. ఇది మీ ప్రాణానికి కాపలా ఖర్చు.

స్కానింగ్ యంత్రాలు, వెంటిలేటర్లు, డయాలిసిస్ మిషన్లలో ఎక్కువ భాగం, వాటి విడిభాగాలతో సహా, విదేశాల నుండే వస్తాయి. 2005లో డాలరుకు సుమారు 45 రూపాయలు. 2025 చివరికి అది 85 రూపాయలు దాటింది. యంత్రం అదే అయినా రూపాయల్లో దాని ధర పెరిగింది.

ధర తగ్గిన సందర్భాలు కూడా లేకపోలేదు. గుండె రక్తనాళంలో వేసే మందు పూత స్టెంటు ధర 2017కు ముందు సగటున 1,20,000 రూపాయల పైన ఉండేది. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం దానికి 29,600 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించింది. అదే ఏడాది ఆగస్టులో మోకాలి కీలు ఇంప్లాంట్ల ధరలకూ హద్దు పెట్టింది. అంటే, పెరిగిన ప్రతి ధర వెనుకా న్యాయమైన కారణమే ఉంటుందని అనుకోనవసరం లేదు. అవసరం లేని పరీక్షలు రాయడం, రోగిని పంపినందుకు కమిషన్ పుచ్చుకోవడం వైద్యరంగంలో ఉన్న చెడుగులే. వాటి భారమూ చివరకు రోగి మీదే పడుతుంది.

మందుల సంగతి

అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటి ధర టోకు ధరల సూచీని బట్టి ఏటా ఏప్రిల్‌లో మారుతుంది. 2022లో సుమారు 10.7 శాతం, 2023లో సుమారు 12.1 శాతం పెంచుకోవడానికి కంపెనీలకు అనుమతి దొరికింది. 2024లో పెరుగుదల దాదాపు లేదు. జాబితాలో లేని మందులకు ఏడాదికి 10 శాతం వరకు పెంచుకునే వీలుంది. బీపీకి, షుగరుకు, థైరాయిడ్‌కు నెలనెలా మందులు కొనే ఇంట్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాల్లో అవే మందులు సగం ధరకో, అంతకన్నా తక్కువకో దొరుకుతాయి. డాక్టరు గారిని అడిగి, మందు పేరు, మోతాదు సరిచూసుకుని వాడుకోవచ్చు. మొహమాటపడవద్దు.

జబ్బులే మారిపోయాయి

స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో మన దేశంలో సగటు ఆయుష్షు సుమారు 32 ఏళ్లు. ఇప్పుడది 70 ఏళ్లకు చేరింది. ఇది సంతోషించదగ్గ సంగతి. అయితే అప్పట్లో విరేచనాలు, మలేరియా, కాన్పు కష్టాల వంటివాటితో వచ్చేవారు. అవి వారం పది రోజుల్లో తేలిపోయేవి. ఇప్పుడు వచ్చేవి జీవితాంతం వెంట ఉండే జబ్బులు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు. బీపీ ఉన్నవారు ఇంకా ఎక్కువ.

షుగరు మాత్ర ఖర్చు తక్కువే. షుగరును అశ్రద్ధ చేస్తే వచ్చే ఖర్చు చాలా పెద్దది. కిడ్నీలు చెడిపోయిన రోగికి మామూలుగా వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయాలి. ఏడాదికి 156 సార్లు. ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు. రోగితో పాటు ఇంట్లో ఒకరి కూలీ పోతుంది. రానూపోనూ ఛార్జీలు వేరే. కాలి పుండు ముదిరి వచ్చిన వారిని వార్డులో చూసినప్పుడల్లా మాకు తోచేది ఒకటే. పుండు చిన్నగా ఉన్నప్పుడే వచ్చి ఉంటే కట్టు కట్టించుకుని, మందులతో ఇంటికి వెళ్లేవారు గదా.

వైద్యం ఖర్చు పెరగడానికి ఇది చాలా పెద్ద కారణం. మన చేతిలో ఎక్కువగా ఉన్నది కూడా ఇదే.

ఇన్సూరెన్సు అంటే ఉమ్మడి సంచి

ఇక ప్రీమియం సంగతి. మన దేశంలో మెడిక్లెయిమ్ పేరుతో ఆరోగ్య బీమా 1986లో ప్రభుత్వ కంపెనీల ద్వారా వచ్చింది. 1999 నాటి చట్టం తర్వాత ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. కంపెనీ ఏదైనా లోపలి లెక్క ఒకటే.

వెయ్యి కుటుంబాలు కలిసి ఒక సంచిలో డబ్బు వేస్తున్నాయనుకోండి. ఏడాదిలో 20 ఇళ్లలో జబ్బు పడ్డారు. ఒక్కొక్కరికి 50,000 రూపాయల ఖర్చు. మొత్తం 10 లక్షలు. కుటుంబానికి 1,000 రూపాయల చొప్పున వేస్తే సరిపోతుంది. కొన్నేళ్లకు ఖర్చు 60,000 అయింది. పెద్ద వయసువారు పెరిగి, 20 ఇళ్ల బదులు 25 ఇళ్లలో జబ్బు పడ్డారు. మొత్తం 15 లక్షలు. ఇప్పుడు కుటుంబానికి 1,500 వేయాలి. చూశారా? వైద్యం ఖర్చు పెరిగింది నూటికి 20. ప్రీమియం పెరిగింది నూటికి 50.

అక్కడితో ఆగదు. 1,500 చూసి, "మాకేమీ జబ్బు లేదు, మాకెందుకు" అని 200 ఆరోగ్యవంతమైన కుటుంబాలు తప్పుకున్నాయనుకోండి. జబ్బుపడ్డ 25 ఇళ్లు సంచిలోనే ఉన్నాయి. అదే 15 లక్షలను 800 కుటుంబాలు పంచుకోవాలి. ఒక్కొక్కరికి 1,875 రూపాయలు. కంపెనీ నిర్వహణ ఖర్చు, ఏజెంటు కమిషన్, లాభం దీని మీద అదనం. ఆరోగ్యంగా ఉన్నవారు మానేసేకొద్దీ మిగిలినవారి భారం పెరుగుతుంది.

ఆ సంచికి మనమే చిల్లు పెట్టే సందర్భాలు కూడా ఉన్నాయి. "ఎలాగూ ఇన్సూరెన్సు ఉంది గదమ్మా, అన్ని టెస్టులూ చేయించేయండి" అనేవారు ఉన్నారు. కార్డు చూసి అవసరం లేకపోయినా రెండు రోజులు ఎక్కువ ఉంచే ఆసుపత్రులూ ఉన్నాయి. ఆ డబ్బు కంపెనీది అనిపిస్తుంది. కానీ మరుసటి ఏడాది అది అందరి ప్రీమియంలో కలిసి తిరిగి వస్తుంది.

ప్రీమియం పెరిగిందని మానేస్తే

ఈ మధ్య మా వార్డుకు 61 ఏళ్ల రైతు ఒకాయన గుండెనొప్పితో వచ్చారు. తొమ్మిదేళ్లు వరుసగా పాలసీ కట్టారు. ఒక్క క్లెయిమూ లేదు. అరవై దాటాక ప్రీమియం బాగా పెరిగింది. "ఇన్నేళ్లు కట్టినదంతా దండగే అయింది" అనుకుని ఆపేశారు. ఆపిన ఏడు నెలలకు నొప్పి వచ్చింది. రెండు స్టెంట్లు వేయవలసి వచ్చింది. ఆయన భార్య చేతి గాజులు తాకట్టు పెట్టి, మిగతాది వడ్డీకి తెచ్చారు. ఆయన ప్రాణంతో ఇంటికి వెళ్లారు. దానికి మేమందరం సంతోషించాము. కానీ ఆ అప్పు తీరడానికి ఎన్ని పంటలు పడుతుందో తెలియదు.

ఆయన తొమ్మిదేళ్లు కట్టినది దండగ కాదు. ఆ తొమ్మిదేళ్లలో జబ్బుపడ్డ మరెవరినో ఆ డబ్బు నిలబెట్టింది. తన వంతు రావలసిన సమయంలో ఆయన సంచి బయట ఉన్నారు. అంతే. ఇప్పుడు కొత్త పాలసీ తీసుకోబోతే గుండెజబ్బు పాత జబ్బు కింద లెక్క. 2024 నిబంధనల ప్రకారం పాత జబ్బులకు మూడేళ్ల వరకు వేచి ఉండాలని కంపెనీ షరతు పెట్టవచ్చు.

కాబట్టి మానేసే ముందు ఈ సంగతులు తెలుసుకోండి.

ఏడాదికొకసారి ప్రీమియం కట్టేవారికి గడువు దాటాక 30 రోజుల అదనపు సమయం ఉంటుంది. మీరు క్లెయిమ్ చేశారన్న కారణంతో రెన్యువల్ నిరాకరించడానికి, మీ ఒక్కరికే ప్రీమియం పెంచడానికి వీల్లేదు. పెంచితే ఆ పాలసీలో ఉన్న అందరికీ, లేదా ఆ వయసు వారందరికీ పెంచాలి. 60 ఏళ్లు దాటిన వారికి ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. ప్రస్తుత కంపెనీ నచ్చకపోతే, గడిచిన వేచి ఉండే కాలం పోగొట్టుకోకుండా మరో కంపెనీకి మారే పోర్టబిలిటీ 2011 నుండి ఉంది. అయితే గడువు ముగిసేలోగానే దానికి దరఖాస్తు పెట్టుకోవాలి. అదీ కుదరకపోతే, బీమా మొత్తం కొంత తగ్గించుకోవడమో, మొదటి కొంత ఖర్చు మేమే భరిస్తామని ఒప్పుకునే పాలసీకి మారడమో చేయవచ్చు. పూర్తిగా మానడం కంటే ఇది ఎంతో మేలు.

మరొక మంచి కబురు. వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద ఉన్న 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుండి తీసివేశారు. గ్రూపు పాలసీలకు మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. సంఘం ద్వారానో ఉద్యోగం ద్వారానో గ్రూపు పాలసీలో ఉన్నవారు ఇది గమనించగలరు.

గది అద్దె దగ్గర జాగ్రత్త

బిల్లింగ్ కౌంటరు దగ్గర ఎక్కువ గొడవలు జరిగేది ఇక్కడే. కొన్ని పాలసీల్లో గది అద్దెకు హద్దు ఉంటుంది. హద్దు రోజుకు 5,000 అనుకోండి. మీరు 10,000 రూపాయల గది తీసుకున్నారు. అదనపు 5,000 మాత్రమే మనం కట్టుకుంటే చాలు అనుకుంటారు. అలా కాదు. గది సగానికే అర్హత ఉంది కాబట్టి డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీ వంటివి కూడా సగమే ఇస్తారు.

ఉదాహరణకు నాలుగు రోజుల గది 40,000, ఆపరేషన్, డాక్టరు ఫీజులు 1,00,000, మందులు, పరీక్షలు 40,000 అయ్యాయి. మొత్తం 1,80,000. కంపెనీ ఇచ్చేది గదికి 20,000, ఫీజులకు 50,000. మందులు, పరీక్షలకు ఈ కోత లేదు కనుక 40,000. కలిపి 1,10,000. మిగిలిన 70,000 మీరే కట్టాలి. 5,000 రూపాయల గదిలో ఉంటే ఈ కోత పడేదే కాదు. చేరే రోజునే, "మా పాలసీలో గది అద్దె ఎంత వరకు?" అని అడగండి.

ప్రభుత్వ కార్డులు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. నేడు తెలంగాణలో ఆరోగ్యశ్రీగా, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుండి ఇస్తున్నారు. ఇంట్లో పెద్దవారుంటే ఆధార్‌తో ఈ కార్డు ముందుగానే తీయించి ఉంచండి.

ఈ పథకాల వల్ల ఎందరో బ్రతికి బయటపడ్డారు. దేశం మొత్తం మీద వైద్యానికి అయ్యే ప్రతి 100 రూపాయల్లో ప్రజలు జేబులోనుండి పెట్టుకున్నది 2013-14లో 64 రూపాయలు ఉంటే, 2021-22కు 39 రూపాయలకు తగ్గిందని ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. అయినా 39 చిన్న మాట కాదు. పథకాల డబ్బు ఆలస్యమైతే చిన్న ఆసుపత్రులు జీతాలివ్వలేక ఇబ్బంది పడతాయి. బకాయిల కోసం ప్రైవేటు ఆసుపత్రులు సేవలు నిలిపివేయడం 2025లో రెండు రాష్ట్రాల్లోనూ చూశాము. అలాంటప్పుడు నష్టపోయేది కార్డు పట్టుకుని వచ్చిన రోగే.

మన చేతిలో ఉన్నవి

డాలరు ధర, మందుల కంపెనీ, టోకు ధరల సూచీ మన చేతిలో లేవు. ఈ కిందివి ఉన్నాయి.

30 ఏళ్లు దాటిన ప్రతివారూ ఏడాదికొకసారి బీపీ, షుగరు చూపించుకోండి. ఏ బాధా లేదు గదా అనవద్దు. ఈ రెండూ మొదట ఏ బాధా చూపించవు.

బీపీ మాత్ర, షుగరు మాత్ర "తగ్గింది గదా" అని సొంతంగా ఆపవద్దు. తగ్గింది మాత్ర వల్లనే.

ఆరోగ్యంగా, వయసులో ఉన్నప్పుడే పాలసీ తీసుకోండి. ఉన్న జబ్బును దాచవద్దు. దాచి కట్టిన పాలసీ అవసరం వచ్చిన రోజున అక్కరకు రాకపోవచ్చు.

ఆపరేషన్‌కు ముందు ఖర్చు అంచనా రాసి ఇమ్మనండి. డిశ్చార్జి రోజున వివరంగా బిల్లు అడగండి. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఇవి ఉన్నాయి. మా దగ్గర అడిగినా, మరెక్కడ అడిగినా అది గొడవ పెట్టుకోవడం కాదు.

క్యాష్‌లెస్ అనుమతి ఆలస్యమైతే ఊరకే కూర్చోవద్దు. అనుమతి విషయం గంటలోపు, డిశ్చార్జి రోజున మూడు గంటలలోపు కంపెనీ తేల్చాలని 2024 మే నెలలో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. పరిష్కారం కాకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా వ్రాసుకోవచ్చు.

ఇంత చెప్పినా డబ్బు కట్టలేని పరిస్థితి ఎవరికైనా రావచ్చు. అలాంటివారు బిల్లు చూసి చెప్పకుండా రోగిని తీసుకుపోవడం, మధ్యలో మందులు మానేయడం చేయవద్దు. ముందుగా వార్డు సిస్టరుతో గాని, ఆఫీసులో గాని చెప్పండి. చికిత్స ఏది వాయిదా వేయవచ్చో, ఏది వేయరాదో, ఏ పథకం వర్తిస్తుందో కలిసి చూడవచ్చు. చెప్పకపోతే మేము సహాయం చేయలేము.

చివరిగా ఒక చిన్న పని. పాలసీ కాగితం, ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, ఆధార్, పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ, ఇవన్నీ ఒకే సంచిలో పెట్టి, ఇంట్లో అందరికీ తెలిసిన చోట తగిలించండి. రాత్రి ఒంటిగంటకు ఆయాసంతో ఉన్న మనిషిని ఆటోలో తెచ్చినప్పుడు ఆ సంచి చేతిలో ఉన్న కుటుంబానికి, లేని కుటుంబానికి తేడా ఏమిటో క్యాజువాలిటీలో మేము చూస్తూనే ఉన్నాము.